పుంజీల తరగతి

'నైపుణ్య పరీక్ష' అన్న మాట వింటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎవరన్నారు, ఎందుకన్నారు అని కూడా చూడను. మొన్నామధ్య మా అల్లుడు తన ఆఫీసు సంగతేదో చెబుతూ ఆ మాట వాడితే కంచం ముందు నుంచి లేచిపోయాను. అతను బిత్తరపోయాడు. పాపం, అతనికేం తెలుసు? మా అమ్మాయికీ తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే కథలో నేను కూడా ఉంటాను కదా, అందుకని.

రెండువేల పదుల్లో నేను కళింగపట్నానికి కాస్త ఇవతల, చేపలు పట్టుకునేవాళ్ళ పేటలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. శ్రీకాకుళం నుంచి బస్సు, రోడ్డు మీద దిగాక షేరు ఆటో. ఐదు తరగతులకీ కలిపి నేనొక్కదాన్నే. రెండో పోస్టు కాగితం మీద ఉండేది, మనిషి ఉండేవారు కాదు. ఎవర్నయినా వేస్తే మూడో నెల తిరక్కుండా బదిలీ చేయించుకుని పోయేవారు. పేటలో చేపల వాసన పడదట. పోయేటప్పుడు అందరూ చెప్పిన కారణం అదే.

అలాంటప్పుడు నాకు సాయంగా ఒకామెని ఇచ్చారు. పేట ఆడపిల్లే, పెళ్ళి చేసి పేటలోనే ఇచ్చారు. అప్పటికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పదో తరగతి పాసై ఇంటర్లో చేరి, మొదటి ఏడాదే మానేసింది. తెల్లారకుండా ఒడ్డుకి పోయి నెత్తళ్ళ చేపలు ఎండబెట్టి, ఇంటికొచ్చి తలారా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ప్రేయరు గంటకి బడిలో ఉండేది. కాగితాల మీద 'తరగతి సహాయకురాలు'. పిల్లలకి మాత్రం పిన్ని. జీతమని కూడా అనరు దాన్ని, గౌరవ వేతనం అంటారు. ఆ గౌరవం ఎంతో తర్వాత చూశాను.

ఆమె వచ్చేవరకూ మా ఒకటో తరగతి అంటే ఏడుపుల తరగతి. ఇంటర్వెల్ దాకా ఏడవడం, ఇంటర్వెల్లో పారిపోవడం. నేను రెండు నుంచి ఐదు దాకా తరగతుల్ని ఒక గదిలో పెట్టుకుని అరుస్తూ ఉండేదాన్ని. ఆమె వచ్చిన మొదటి వారం నేను పక్క గదిలోకి తొంగి చూస్తే వరసలు లేవు. పిల్లలు నాలుగేసి చొప్పున, ఒకరికొకరు ఎదురుబొదురుగా నేల మీద కూర్చుని ఉన్నారు.

"ఇదేంటమ్మా, పేకాట క్లబ్బులా?" అన్నాను.

"పుంజీలు టీచరమ్మా," అంది.

ఒడ్డున చేపల్ని ఒక్కోటిగా లెక్కపెట్టరు. చేతికి రెండు చొప్పున రెండు చేతులా తీసి గంపలో వేస్తారు. నాలుగూ కలిపితే ఒక పుంజీ. పుంజీ, రెండు, మూడు అని అరుచుకుంటూ గంప నింపేస్తారు. ఆ పేట పిల్లకి మాటలొచ్చినప్పటి నుంచీ చెవిన పడే లెక్క అది. ఆమె పిల్లల్ని కూడా అలాగే కూర్చోబెట్టింది. అయితే ఎవరి పక్కన ఎవరన్నది తోచినట్టు చేసింది కాదు. ఒక గట్టి పిండం, ఒక మెతక, ఒక వాగుడుకాయ, ఒక మూగనోము. వాళ్ళ తల్లులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా లేదా అన్నది కూడా చూసుకునేది.

హాజరు పిలిచేది కాదు. తలుపు దగ్గర నిలబడి, "ఒరే, ఏ పుంజీ తప్పిందిరా?" అనేది. ముగ్గురే ఉన్న గుంపు లేచి నిలబడి, నాలుగోది ఎందుకు రాలేదో చెప్పాలి. జ్వరమా, ఊరెళ్ళిందా, అమ్మ ఒడ్డుకి పోతే చంటిదాన్ని చూసుకుంటోందా. చంటిపిల్ల సంగతైతే, "సంటిదాన్ని కూడా ఎత్తుకుని రమ్మను, బేగి!" అనేది. వచ్చేవారు. ఒక్కోసారి మా ఒకటో తరగతిలో చెక్క పలక మీద 'అ' దిద్దుతున్న పిల్లల మధ్య చీర మడత మీద ఇద్దరు ముగ్గురు పసివాళ్ళు నిద్రపోతూ ఉండేవారు. తనిఖీకి ఎవరైనా వస్తారేమోనని నేను గుమ్మం వైపు చూస్తూ ఉండేదాన్ని. కానీ బడి మానేసే పిల్ల లేకుండా పోయింది.

చదువు కూడా అంతే. ఒకడికి అక్షరం వస్తే సరిపోదు, పుంజీలో నలుగురికీ రావాలి. వచ్చాకే ఆ నలుగురూ లేచి కుండ దగ్గర ముందుగా నీళ్ళు తాగొచ్చు. మంచినీళ్ళ కోసం వాళ్ళు ఒకరికొకరు నేర్పుకున్న తీరు చూసి నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. మూడు నెలల పాటు బడిలో నోరు విప్పని పిల్ల ఒకతి ఉండేది. నేను బతిమాలాను, బెదిరించాను, బిస్కట్లు పెట్టాను. ఆమె ఆ పిల్లని తీసుకెళ్ళి వాగుడుకాయ ఎదురుగా కూర్చోబెట్టింది. పదిరోజులకి వాగుడుకాయ చెప్పిన అంకె తప్పయితే ఆ పిల్ల గట్టిగా, "కాదే, పన్నెండు!" అంది. మూడు పుంజీలు పన్నెండు. ఆ పిల్ల బడిలో అన్న మొదటి మాట అదే.

ఇలా ఐదేళ్ళు నడిచింది. ఐదేళ్ళూ ఆమెకి ఉన్న చదువు చాలదని ఎవరికీ అనిపించలేదు. ఉన్నట్టుండి ఒక వేసవి మొదట్లో, బడి ఇంకా నడుస్తుండగానే, ఉత్తర్వు వచ్చింది. సహాయకులుగా ఇప్పటికే ఉన్నవాళ్ళయినా సరే, కొత్తవాళ్ళయినా సరే, అందరూ రాత పరీక్ష రాయాలి, అది పాసైతే నైపుణ్య పరీక్షకి రావాలి. ఇంటర్ ఉండాలి. లేకపోతే ఐదేళ్ళ అనుభవం ఉన్నట్టు ప్రధానోపాధ్యాయుల ధ్రువీకరణ ఉండాలి. ధ్రువీకరణకి గెజిటెడ్ సంతకం. ఆ సంతకానికి జిరాక్సు. జిరాక్సు మీద మళ్ళీ సంతకం. ఆ ఎండలో ఆమెని వెంటబెట్టుకుని మూడుసార్లు శ్రీకాకుళం ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఒక గుమస్తా ఆమె చేతులు చూసి, "ఈవిడ పిల్లలకి చదువు చెబుతుందా?" అని నన్నడిగాడు, ఆమె అక్కడ లేనట్టు. ఉప్పులో నాని పగిలిన చేతులవి. "మీ పిల్లల్ని ఒక నెల పంపండి, మీకే తెలుస్తుంది," అన్నాను. ఇంకా అనాల్సింది. ఆ రోజు ఇంకా అననందుకు నాకు ఇప్పటికీ కోపం.

రాత పరీక్షకి నేనే చదివించాను. బడి వదిలాక రోజూ గంటన్నర. శిశు వికాసమట, అభ్యసన సిద్ధాంతాలట. ఏ దేశంలోనో ఏ పిల్లల్నో చూసి ఎవరో రాసినవి, ఆ పేర్లు నోరు తిరక్క ఆమె అవస్థ పడేది. ఒకరోజు పుస్తకం మూసి, "ఈయనెవరో పిల్లగుంటలు తోటి గుంటల దగ్గరే నేర్సుకుంటారని రాసాడు టీచరమ్మా. ఇది కనిపెట్టడానికి పెద్ద సదువు కావాలేటి?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడైనా నాకు బుర్ర వెలగాల్సింది.

రాత పరీక్ష పాసైంది. పేటలో ఆడవాళ్ళందరూ ఇంటికొచ్చి ఆమెని చూసి వెళ్ళారట. ఇక నైపుణ్య పరీక్ష. ముగ్గురు పెద్దల ముందు పది నిమిషాల పాఠం చెప్పాలి, తర్వాత వాళ్ళడిగినవాటికి జవాబు చెప్పాలి. ఉత్తర్వు రెండో పేజీలో మార్కుల పట్టిక ఉంది. భాష, బోర్డు రాత, బోధన సామగ్రి, పాఠ ప్రణాళిక, ఇంకా అలాంటివి. చివర్లో 'సొంత పద్ధతి, స్థానిక వనరులు' అని ఒకటి.

ఆమె ఆ చివరి వరస మీద వేలు పెట్టింది. "టీచరమ్మా, ఇక్కడ సొంత పద్దతి అని ఉన్నాది కదా. మన పుంజీల సంగతి సెప్పమంటారేటి?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇది ఒప్పుకోవడానికే ఇంత రాస్తున్నాను. నా ఉద్యోగంలో తొలి ఏళ్ళలో, సాలూరు వైపు ఒక బడిలో, నేను చింతపిక్కలతో కూడికలు నేర్పుతుంటే తనిఖీకి వచ్చినాయన పిల్లల ముందే ఆ పిక్కలన్నీ ఊడ్పించి బయట పోయించాడు. "ఇది బడా, చింతపండు కొట్టా?" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి పైవాళ్ళు ఎవరొచ్చినా నేను వరసలు కట్టించేదాన్ని. చార్టు తగిలించేదాన్ని. మా అమ్మ కూడా మిషన్ బడిలో టీచరే. ఆదివారం బడిలో సైతం బెంచీలు తాడు పట్టినట్టుండాలి ఆవిడకి. వరసలు కడితే ఎవరూ తిట్టరన్నది నాకు చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన చదువు.

"ఇవన్నీ రాస్తారు గానీ అక్కడ ఎవరికీ పట్టవు," అన్నాను. "నువ్వు ఆ పుంజీలు గింజీలు అక్కడ ఎత్తావంటే చేపల మార్కెట్టు నుంచి వచ్చిందనుకుంటారు. వరసలు, చార్టు, పాఠం. అంతే. అడిగితే అలాంటివేం లేవని చెప్పు."

"పోనీ నోటితో సెప్తాను, సేసి సూపించను."

"వద్దన్నానా? ఒక్క మాట కూడా వద్దు. ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటావ్."

ఆమె నా వైపు చూసి, కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. "అలగే టీచరమ్మా. మీకు తెలీదేటి," అంది.

వారం రోజులు తోమాను ఆమెని. 'సూడండి' అంటే 'చూడండి' అనిపించాను. నిలబడే తీరు, సుద్దముక్క పట్టుకునే తీరు, బోర్డుకి పక్కగా జరిగే తీరు. ఖాళీ గదిలో, లేని పిల్లలకి పాఠం చెప్పించాను. మొదటిసారి చెప్పేటప్పుడు ఆమె అలవాటుగా నేల వైపు వంగి మాట్లాడింది, పిల్లలు కూర్చునే ఎత్తుకి. "నిటారుగా ఉండు!" అని కసిరాను. చివరికి అచ్చం నాలా తయారైంది. నాకు ఎంతో గర్వంగా అనిపించింది.

పరీక్ష రోజున ఆఫీసు వరండాలో నేను కూర్చున్నాను. లోపలికి వెళ్ళి అరగంటకి బయటికొచ్చింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది, మొహం మాత్రం వెలిగిపోతోంది. "ఒక్క ముక్క తప్పలేదు టీచరమ్మా. మీరు సెప్పినట్టే," అంది. దార్లో ఇద్దరం చెరుకురసం తాగాం.

బడి తెరిచే వారంలో జాబితా వచ్చింది. ఆమె పేరు లేదు. మా బడికి విజయనగరం నుంచి డిగ్రీ చదివిన ఒక అమ్మాయిని వేశారు.

నేను ఆమెని కూడా పిలవకుండా తొలి బస్సెక్కి ఆఫీసుకి పోయాను. దారంతా అనాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. ఐదేళ్ళు పిల్లల ముక్కులు తుడిచినప్పుడు అడగని అర్హత ఇప్పుడెందుకు? ఆ ముగ్గురిలో ఒక్కరైనా ఒకటో తరగతి గదిలో ఒక పూట కూర్చున్నారా? పిల్లలే లేని గదిలో పిల్లలకి చెప్పే నైపుణ్యం ఎలా కనిపిస్తుంది? ఇవన్నీ అన్నాను కూడా. గది దాటి వరండాలోకి వినబడేలా అన్నాను. ఆ ముగ్గురిలో ఒకరైన అధికారి అక్కడున్నాడు, నాకంటే చిన్నవాడు. నేను అరవడం అయ్యేవరకూ ఊరుకుని, బీరువాలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు.

ఆమె మార్కుల కాగితం. భాషకి బాగానే వేశారు. బోర్డు రాతకి నిండా వేశారు. ప్రణాళికకి కూడా. చివరి వరసలో సున్నా. పక్కన ఎవరిదో చక్కటి దస్తూరీలో రాసి ఉంది: 'సొంత పద్ధతి గురించి రెండుసార్లు అడిగాం. ఏమీ లేదని చెప్పారు.'

"పేట నుంచి వచ్చినావిడ కదా, ఏదైనా చెబుతారేమోనని చూశామండీ," అన్నాడాయన. "ఆ వరసలో నాలుగు మార్కులొచ్చినా ఆవిడకే ఇచ్చేవాళ్ళం. అంతా పుస్తకంలో ఉన్నట్టే చెప్పారు. అలా చెప్పేవాళ్ళు మాకు చాలామంది ఉన్నారు."

ఆయన మంచినీళ్ళు తెప్పించాడు. నేను తాగలేదు. ఆయన మీద నాకు కోపం పోయిందనుకోకండి. రెండుసార్లు అడిగినవాళ్ళు మూడోసారి వేరేలా ఎందుకు అడగలేదు? బడికొచ్చి ఒక పూట చూస్తే అరిగిపోయేవారా? ఉన్న మనిషిని కాగితం మీద లేకుండా చేయడానికి ఆ గది కట్టారు, ఆ గదిలోకి నేనే ఆమెని ముస్తాబు చేసి తోలాను. ఎవరి మీద కోపం ఎక్కడ ఆపాలో తెలియక బస్సులో పక్కనున్న ఆవిడ బుట్ట నా కాలికి తగిలిందని ఆవిడ మీద పడి అరిచాను.

ఆ సాయంత్రమే ఆమెకి చెప్పాను. దాచలేదు, అదొక్కటే నేను చేసిన మంచి పని. ఇసకలో వల పరిచి నెత్తళ్ళు ఆరబోస్తోంది. కాగితంలో ఏముందో చెప్పి, "నా వల్లే పోయింది. తిట్టు నన్ను," అన్నాను.

ఆమె చేపల్ని తిరగేసింది. "పోనీలెండి టీచరమ్మా. నా మంచికే సెప్పారు కదా," అంది. అంతే. ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి నాకు మరింత ఒళ్ళు మండింది, ఆమె మీద కూడా. మన తప్పుని ఎదుటివాళ్ళు అంత తేలిగ్గా వదిలేస్తే భరించడం కష్టం.

కొత్తగా వచ్చిన అమ్మాయి మంచిదే. చార్టులు ముచ్చటగా వేసేది. హాజరు పిలిచేది, రాని పిల్లకి సున్నా చుట్టేది, పాఠంలోకి పోయేది. పిల్లలు వరసల్లో కూర్చున్నారు. రెండో వారానికి ఒకటో తరగతిలో మళ్ళీ ఏడుపులు మొదలయ్యాయి. నెల తిరిగేసరికి ఇద్దరు ఆడపిల్లలు రావడం మానేశారు, ఇంట్లో చంటివాళ్ళున్నవాళ్ళు.

పుంజీలు నేనే కట్టిస్తానని పూనుకున్నాను. ఐదేళ్ళు తలుపు దగ్గర నిలబడి చూసినదాన్ని, నాకు తెలియదా అనుకున్నాను. ఎత్తు చూసి నాలుగేసి మందిని కూర్చోబెట్టాను. ఒక గుంపులో ఇద్దరు కొట్టుకుని పలక పగలగొట్టారు. ఇంకో గుంపులో నలుగురూ మూగనోమే. మూడో గుంపులో ఒక పిల్ల, "మాయమ్మ దాంతో మాటాడొద్దంది," అని గోడ వైపు తిరిగి కూర్చుంది. మార్చాను. మళ్ళీ మార్చాను. కొత్తమ్మాయి నోట్సు పట్టుకుని నా వెనకే తిరుగుతూ, "మేడమ్, ఇది ఏ పద్ధతి? ఎలా విడదీయాలి?" అని అడుగుతోంది. నాలుగు అన్న అంకె తప్ప నేనేమీ చూడలేదని అప్పుడు తెలిసింది.

సిగ్గు చంపుకుని మధ్యాహ్నం ఒడ్డుకి పోయాను. అప్పుడే పడవ వచ్చింది. కానాగంత చేపలు గుట్టగా పోసి ఉన్నాయి, ఆమె గంపలోకి లెక్కపెట్టి వేస్తోంది. చేతికి రెండు, చేతికి రెండు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నిలబడి ఉన్న సంగతంతా చెప్పాను. ఎవర్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో ఒక కాగితం మీద రాసిస్తే చాలన్నాను. పెన్ను కూడా తీసి చాచాను.

ఆమె చేతులు ఆగాయి. ఐదేళ్ళలో మొదటిసారి నా కళ్ళలోకి నేరుగా చూసింది.

"నన్నడుగుతారేటి టీచరమ్మా?" అంది. "నాకు పద్దతేటీ లేదని మీరు సెప్పించారు, ఆళ్ళు రాసుకున్నారు."

మళ్ళీ గుట్ట వైపు వంగి, వదిలిన దగ్గర్నుంచి లెక్క అందుకుంది.